గ్రానైటు కొట్టు పెట్టబోతున్న మేనల్లుడికి

టెక్కలి

చిరంజీవి సింహాచలానికి మామయ్య ఆశీస్సులు.

రాజాంలో గ్రానైటు కొట్టుకు స్థలం చూశావనీ, దసరా నాటికి మొదటి లోడు దించుకోవాలనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో రాళ్లు మోసినవాళ్లే తప్ప అమ్మినవాళ్లు లేరు కాబట్టి చాలా గర్వంగా ఉంది. కానీ కళాసీలతో పాటు నువ్వు కూడా పలకలు దించుతానన్నావని విన్నప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు.

సిమెంటు బస్తా 50 కిలోలు. ఒంటికి దగ్గరగా పట్టుకుని మోకాళ్లు వంచి లేపాలనీ, బరువుతో నడుము తిప్పకూడదనీ నీకు తెలుసు. గట్టి బూట్లు, చేతి తొడుగులు అందరికీ కొను. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నా భయమంతా నిలబెట్టిన పలక గురించే.

తొమ్మిది అడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక్క పలక సుమారు 270 కిలోలు తూగుతుంది. నిటారుగా ఉన్నప్పుడు బరువంతా కింది అంచు మీద ఉండి, చేత్తో నెడితే కదులుతుంది కాబట్టి తేలికగా అనిపిస్తుంది. వాలడం మొదలైతే నలుగురు పట్టినా ఆగదు.

మీ చిన్న మామయ్య కాలు ఎందుకు అలా అయిందో నీకు ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరు. శ్రీకాకుళంలో ఒక కొట్టుకు లోడు వచ్చింది. రాత్రి వానకు రోడ్డు పక్క మట్టి మెత్తబడి లారీ ఎడమవైపుకు ఒరిగింది. బండిని చదునైన చోటికి తీయమని మేస్త్రి అడిగితే, వెనక ఇంకో లోడు ఉంది, ఆలస్యమవుతుందని యజమాని ఒప్పుకోలేదు. తాళ్లన్నీ ఒక్కసారే విప్పించాడు. తడిసిన పలకలు ఒకదానికొకటి అంటుకుంటాయి. మధ్యలో గునపం మొన దూర్చి మొదటిదాన్ని విడదీస్తుండగా రెండోది కూడా దాంతో పాటే కదిలి వచ్చింది. మీ చిన్న మామయ్య లారీ ఒరిగిన వైపే, పలకకూ లారీ పక్క రేకుకూ నడుమ నిలబడి ఉన్నాడు. రాయి పగిలితే కూలిలో కోస్తారన్న భయంతో రెండు చేతులూ అడ్డం పెట్టాడు. తొడ ఎముక విరిగింది. పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చినా, వాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. మీ అమ్మ తన గాజులు తాకట్టు పెట్టి ఆసుపత్రి డబ్బు కట్టింది.

ఇప్పుడు యజమానివి నువ్వే. లోడు వచ్చిన ప్రతిసారీ, తాడు మీద చెయ్యి వేయకముందే, రాయి పగిలితే ఎవరి కూలీలోనూ పైసా కోయనని నీ నోటితో గట్టిగా చెప్పు. ఆ మాట వింటేనే మనిషి చెయ్యి తీసి తప్పుకుంటాడు. లారీని చదునైన చోట ఆపించు, దించే పలక తాడు మాత్రమే విప్పించు, పలక పడే వైపు ఎవరినీ నిలబడనివ్వకు. పలకలను రెండు పక్కలా ఆనించి నిలబెట్టే ఇనుప స్టాండుకు ఒక పక్కే ఖాళీ చేస్తే స్టాండే బోర్లాపడుతుంది, అందుకని రెండు పక్కలా సమానంగా తియ్యాలి. వీలైనంత వరకు హైడ్రా క్రేను అద్దెకు తెచ్చుకో; ఆ ఖర్చుకు వెనకాడావని తెలిస్తే ఊరుకోను. ముఠాలో ప్రతి ఒక్కరి పేరూ పుస్తకంలో రాసి బీమా చేయించు. ఎవరికైనా నడుముకు దెబ్బ తగిలితే కాళ్లూ చేతులూ పట్టి లేపవద్దు, 108కి ఫోను చెయ్యండి.

మొన్న సంక్రాంతికి మెట్ల మీద జారిపోతున్న గ్యాసు సిలిండరును నువ్వు ఒంటిచేత్తో ఆపితే అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పడేదాన్ని పట్టుకునే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది నాయనా. నీ బలాన్ని నేను శంకించడం లేదు. కొట్టులో ఆ అలవాటు మానుకోమని బతిమాలుతున్నాను.

లోడు ఏ రోజు వస్తుందో ముందుగా చెప్పు. తాళ్లు ఏ వరుసలో విప్పాలో తానే చూపిస్తానని చిన్న మామయ్య అంటున్నాడు, వెంటబెట్టుకు వస్తాను. ఎక్కువసేపు నిలబడలేడు, లారీకి దూరంగా నీడలో ఒక కుర్చీ వేయించు.

ఇట్లు,
నీ పెద్ద మామయ్య