కన్ఫర్మేషన్ క్లాసు చెప్పబోతున్న మా బిడ్డకు

బిడ్డా, వందనాలు.

మన పాస్టర్ అయ్యగారు ఈసారి కన్ఫర్మేషన్ క్లాసు, అదే పిల్లలు తమ విశ్వాసాన్ని తమ నోటితోని ఒప్పుకునే ముందు చెప్పే పాఠాలు, నీకు అప్పజెప్పిండని మీ అమ్మ ఫోన్ల చెప్పింది, మస్తు సంతోషమైంది. మోకాళ్ళు సహకరిస్తలేవు గానీ లేకుంటే నేనే వచ్చి వెనక బెంచీల కూసొని విందును. "పెద్దమ్మా ఎక్కడ మొదలు పెట్టాలె, ఏం చెప్పాలె" అని అడిగినవ్ గదా, వాట్సాప్‌ల ముక్కలు ముక్కలుగ చెప్తే అయ్యేది కాదని కూసొని రాస్తున్న. జర పొడుగే ఉంటది, చాయ్ పెట్టుకొని చదువు.

నేను చెప్పేది అంతా కలిపి ఒక్కటే మాట బిడ్డా. మన సంఘం నమ్మేది ఏంది, మన సంఘానికి అలవాటైంది ఏంది, ఈ రెండు పిల్లలకు వేరు చేసి చూపియ్యి. గుడిల చెప్పులు బయట విడుస్తం, ఆడోళ్ళు కొంగు కప్పుకుంటరు, ఒక దిక్కు మగోళ్ళు ఒక దిక్కు ఆడోళ్ళు కూసుంటరు, పండుగకు తెల్ల చీరె కడ్తరు, బొట్టు పెట్టుకోరు. పిల్లలు చిన్నప్పటినుంచి ఇవే చూస్తరు, వాళ్ళ లెక్కల క్రైస్తవం అంటే ఇదే. రేపు హైదరాబాద్‌కో బెంగుళూరుకో చదువుకు పోయి అక్కడి చర్చిల ఇవేవీ కనవడకపోతే "అయితే ఇదంతా ఉత్తదేనా" అంటరు. అలవాటు కూలిపోయినప్పుడు దానితోటి నమ్మకం కూడా కూలిపోతది, ఎందుకంటే మనం రెండూ ఒక్కతాడుకే కట్టి పెట్టినం.

అందుకే మొదటి ఆదివారం అపొస్తలుల విశ్వాస ప్రమాణంతోనే, అదే మనం ఏం నమ్ముతమో గుడిల అందరం కలిసి చెప్పే మాటతోనే, మొదలుపెట్టు. అందరికీ కంఠస్థం వస్తది, గడగడ చెప్తరు, ఆపి "పొంతి పిలాతు ఎవరు" అని అడుగు చూడు, సగం మంది శిష్యుడు అంటరు! ఇది యేసు శిష్యులైన అపొస్తలులు పన్నెండుమంది కూసొని రాసింది కాదు అని కూడా చెప్పు, పిల్లలకు నిజం చెప్తే తట్టుకుంటరు. పాతకాలంల రోమా సంఘంల బాప్తిస్మం ఇచ్చేటప్పుడు నీళ్ళల్ల నిలవెట్టి అడిగేటోళ్ళు, తండ్రిని నమ్ముతున్నవా, నమ్ముతున్న, కుమారుని నమ్ముతున్నవా, నమ్ముతున్న, పరిశుద్ధాత్మను నమ్ముతున్నవా అని, ఆ ప్రశ్నలు జవాబుల నుంచి పెరిగి పెరిగి ఈ ప్రమాణం అయింది. నువ్వు కూడా గట్లనే చెప్పు, బోర్డు మీద రాసి కాపీ చేయించుడు కాదు, నువ్వు ప్రశ్న అడుగు, వాళ్ళను నిలవడి జవాబు చెప్పనియ్యి.

పిలాతు సంగతి ఎందుకు ముఖ్యం అంటే, అంత చిన్న ప్రమాణంల మరియ తల్లి కాక ఇంకొక్క మనిషి పేరే ఉన్నది, అది కూడా సిలువ వేయించినోని పేరు. క్రీ.శ. 26 నుంచి 36 వరకు యూదయను ఏలిన రోమా గవర్నరు, టాసిటస్ అనే రోమన్ చరిత్రకారుడు కూడా క్రీస్తును పిలాతు కాలంల చంపించిన్రని రాసిండు, ఆయన క్రైస్తవుడేం కాదు, మనోళ్ళ మీద ఆయనకు ప్రేమ కూడా లేదు. అంటే మనం నమ్మేది అనగనగా కథ కాదు, ఫలానా ఊర్ల ఫలానా అధికారి కింద జరిగింది అని ప్రమాణం గట్టిగ పట్టుకొని చెప్తున్నది. ఈ ఒక్క సంగతికి అరగంట ఇచ్చినా తప్పులేదు, ఇంటర్ పిల్లలు దీనికి చెవులు నిక్కబొడుచుకొని వింటరు.

ఇగ త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురు ఒక్క దేవుడే అనేది. నీకు దీంతోనే భయం అని మెసేజ్ల రాసినవ్. భయపడకు గానీ ఒక్క పని మాత్రం చెయ్యకు, నీళ్ళు, ఐసు, ఆవిరి అని చెప్పకు. అందరు సండే స్కూల్ టీచర్లు చెప్పేది అదే, వినడానికి బాగనే ఉంటది, కానీ తప్పు. నీళ్ళే ఒకసారి ఐసు అయితయి, ఒకసారి ఆవిరి అయితయి, అట్లయితే ఒక్క దేవుడే మూడు వేషాలు వేసిండని అర్థమైతది, దాన్ని సంఘం మూడో శతాబ్దంలనే కాదన్నది, సబెల్లియస్ అనేటాయన పేరుమీద ఆ బోధ ఉండె. దాని బదులు మత్తయి 3వ అధ్యాయం తీయించు, యేసు యొర్దానుల నీళ్ళల్ల ఉన్నడు, పైనుంచి తండ్రి మాట వినవడ్తున్నది, ఆత్మ పావురం లెక్క దిగుతున్నది, ముగ్గురు ఒక్కటేసారి ఉన్నరు. వేషాలైతే ఒక్కటేసారి ముగ్గురు ఎట్ల ఉంటరు అని పిల్లలనే అడుగు. మరి ముగ్గురు దేవుళ్ళా అంటే కాదు, ఒక్క దేవుడే, ఇది మనకు పూర్తిగ అంతుపట్టదు, అంతుపట్టదని చెప్పుడు సిగ్గుపడే పని కాదు. ప్రతి ఆదివారం ఆరాధన చివర అయ్యగారు చెయ్యి ఎత్తి ప్రభువు కృప, దేవుని ప్రేమ, ఆత్మ సహవాసం అని ఆశీర్వాదం ఇస్తడు గదా, అది త్రిత్వమే, వాళ్ళు పుట్టినప్పటినుంచి వింటున్నదే అని గుర్తు చెయ్యి.

అరియస్ సంగతి కూడా జర చెప్పు. కుమారుడు లేని కాలం ఒకటుండె, ఆయన కూడా సృష్టే అని అన్నడు అలెగ్జాండ్రియా సంఘంల పెద్దగ ఉన్న ఈ అరియస్. 325ల నైసియాల బిషప్పులు అందరు కూడి, కాదు, తండ్రి ఎంత దేవుడో కొడుకు అంతే దేవుడు అని తేల్చిన్రు, తర్వాత 381ల కాన్‌స్టాంటినోపుల్ల పరిశుద్ధాత్మ గురించి ఇంకింత కలిపిన్రు. అదే మన నైసీయ ప్రమాణం. ఇంటింటికి పుస్తకాలు పట్టుకొని తిరిగే యెహోవా సాక్షులు మీ వీధిల కూడా వస్తరు గదా, వాళ్ళు త్రిత్వాన్ని ఒప్పుకోరు, పిల్లలకు వాళ్ళతోని కొట్లాట నేర్పకు, మనం ఎక్కడ నిలవడ్డమో తెలిస్తే చాలు.

కృప గురించి చెప్పేటప్పుడు ఒకటి యాదికుంచుకో, మన హన్మకొండ పిల్లలు ఎల్‌కేజీ నుంచి మార్కులు, ర్యాంకులు, వీక్లీ టెస్టుల మధ్యలనే పెరిగిన్రు. దేవుడు కూడా రిజల్ట్ షీటు పట్టుకొని కూసున్నడని లోపల గట్టి నమ్మకం ఉంటది, నోటితోని మాత్రం "కృపచేతనే" అని చెప్తరు. ఎఫెసీ 2:8, 9 చదివించి, "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అన్నకాడ ఆపు. తర్వాత ఇగ మంచిపనులు ఎందుకు చెయ్యాలె అని ఎవడో ఒకడు కచ్చితంగ అడుగుతడు, తిట్టకు, మంచి ప్రశ్న అది, రోమా 6ల పౌలుకు కూడా అదే ప్రశ్న వచ్చింది. ఎఫెసీ 2వ అధ్యాయం 10వ వచనం కూడా వదలకు, మంచిపనులు చేయడానికే మనల్ని చేసిండు దేవుడు అని ఉంటది, ముందు వరం, వెనక పని. కానుక ఎక్కువిస్తే అప్పు తీరుతది, నూనె రాస్తే వీసా వస్తది అని పెద్ద పెద్ద పెండాల్లు వేసి చెప్పేటోళ్ళ మాటలు వాళ్ళ ఫోన్లల్ల తిరుగుతనే ఉంటయి, నాకైతే వాటిమీద మస్తు కోపం, కానీ నువ్వు పేర్లు తీసి తిట్టకు, వరం అంటే కొనుక్కునేది కాదు అని ఒక్కటి మనసుకు ఎక్కితే వాళ్ళే అర్థం చేసుకుంటరు.

బాప్తిస్మం కాడ నీకు అసలు పరీక్ష. వరంగల్, హన్మకొండల బాప్టిస్టు సంఘాలు పాతవి, బలమైనవి, పెంతెకొస్తోళ్ళు కూడా మస్తు మంది, మన పిల్లల దోస్తులు సగం అక్కడోళ్ళే. "నీకు చిన్నప్పుడు నీళ్ళు చల్లిన్రు, అది బాప్తిస్మమే కాదు, వచ్చి మునుగు" అని అంటరు. అమ్మ ఒకటి చెప్తది దోస్తు ఒకటి చెప్తడు, పాపం పిల్లలు నలుగుతరు. మన సీఎస్ఐల, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాల, పసిపిల్లలకు ఇస్తరు, పెద్దోళ్ళకు కూడా ఇస్తరు, చల్లినా ముంచినా తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంల ఇస్తే అది బాప్తిస్మమే, ఒక్కసారే, మళ్ళీ ఇయ్యం. ఎందుకంటే మనం చూసేది ముందు దేవుడు ఇచ్చిన మాట, మన ఒప్పుకోలు వెనక వస్తది, ఆ వెనక వచ్చేదే కన్ఫర్మేషన్, పసిపాపగ ఉన్నప్పుడు తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు నీ తరఫున చెప్పిన మాట ఇప్పుడు నీ నోటితోని నువ్వు చెప్తవు, బిషప్ అయ్యగారు తలమీద చేతులుంచి ప్రార్థన చేస్తరు. బాప్టిస్టోళ్ళు, పెంతెకొస్తోళ్ళు చూసేది ముందు మనిషి నమ్మి ఒప్పుకొనుడు. అపొస్తలుల కార్యములు 16ల చెరసాల నాయకుడు ఇంటోళ్ళందరితోని బాప్తిస్మం పొందిండు, అండ్ల పసిపిల్లలు ఉన్నరని రాసి లేదు, లేరని కూడా రాసి లేదు, కాబట్టి ఆ వచనంతోని ఎవర్నీ ఓడగొట్టుడు కాదు. 1878 జులై 3 నాడు ఒంగోలు దిక్కు గుండ్లకమ్మ ఏట్ల ఒక్కరోజే 2,222 మందికి ముంచి బాప్తిస్మం ఇచ్చిన బాప్టిస్టు సంఘం అది, వాళ్ళను తక్కువ చేసి ఒక్కమాట కూడా అనకు.

కాజీపేట ఫాతిమా చర్చికి పోయే దోస్తులున్నోళ్ళు కూడా ఉంటరు క్లాసుల, ఆర్సీఎం వాళ్ళు, అంటే కాథలిక్కులు, వేరే దేవున్ని మొక్కుతరా అని అడుగుతరు. ఇదే విశ్వాస ప్రమాణం వాళ్ళు కూడా చెప్తరు అని చెప్తే నోరు తెరుస్తరు. పోప్ అధికారం, మరియమ్మ తల్లికి ప్రార్థన చేసుడు, ఇట్లాంటి కాడ తేడా ఉన్నది, బల్ల కాడ, అంటే ప్రభురాత్రి భోజనం కాడ కూడా ఉన్నది. రొట్టె, ద్రాక్షరసం పూర్తిగ శరీరం, రక్తంగ మారిపోతయని వాళ్ళు నమ్ముతరు. మనం ప్రభువు అక్కడ నిజంగ మనల్ని కలుస్తడు అంటం, ఎట్ల అనేది విప్పి చెప్పమని మన సంఘం ఎవర్నీ కట్టేయలేదు. ఇంతకంటె ఎక్కువ లోతుకు పోకు, టైం చాలదు.

మన సంఘంలనే ఇన్ని తీర్ల అలవాట్లు ఎందుకు అని అడిగితే 1947 సెప్టెంబర్ 27 చెప్పు. ఆ దినం మద్రాసుల ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలోళ్ళు కలిసి సీఎస్ఐ అయిన్రు. మెదక్, కరీంనగర్ దిక్కు వెస్లియన్ మెథడిస్టుల పని, మన డోర్నకల్ దిక్కు ఆంగ్లికన్లది, అందుకే అత్తగారింటి గుడిల ఒక తీరు, తల్లిగారింటి గుడిల ఒక తీరు. కలిసేటప్పుడు అలవాట్లన్నీ ఒక్కతీరు చేసుకోలేదు, వాక్యం, రెండు ప్రమాణాలు, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం, బిషప్ పరిచర్య, వీటిమీద ఒప్పుకున్నరు. నేను మొదట చెప్పింది ఇదే, పెద్దోళ్ళు వేరుచేసి చూసిన్రు కాబట్టే కలవగలిగిన్రు.

పిల్లలను ఒకసారి డోర్నకల్ తీస్కపో, కాజీపేటల రైలెక్కితే విజయవాడ లైన్లనే. ఎపిఫనీ కెథెడ్రల్ చూపియ్యి, 1939ల ప్రతిష్ఠ అయింది, హిందువుల గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాల తీరు కలిపి కట్టిన కట్టడం. కట్టించిన అజరయ్య బిషప్ గారు 1912ల ఆంగ్లికన్ సంఘంల మొట్టమొదటి భారతీయ బిషప్ అయిన్రు. ఆయన కాలంల బాప్తిస్మం పొందినోళ్ళు తమ చెయ్యి తమ తలమీద పెట్టుకొని "నేను సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ" అని చెప్పేటోళ్ళట, చదువు రాని కూలోళ్ళు కూడా. అక్కడ నిలవడి చెప్తే క్లాసుల చెప్పినదానికంటె ఎక్కువ ఎక్కుతది.

పునరుత్థానం ఆఖరికి చెప్పు గానీ హడావిడిల చెప్పకు. చనిపోతే ఆత్మ పైకి పోతది, అంతే అని మన పిల్లలు అనుకుంటరు. ప్రమాణంల ఉన్నది "శరీర పునరుత్థానము". ఈస్టర్ నాడు ఇంకా చీకటి ఉండంగనే సమాధుల కాడికి పోతం గదా, ముందుదినమే సున్నం వేసి, బంతిపూల దండలు వేసి, మైనపొత్తులు గాలికి ఆరిపోతాంటే చెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ ముట్టిస్తం, ఆ పాట ఆ పొగ అంతా వాళ్ళకు ఎరుకే. అక్కడికి ఎందుకు పోతున్నం అని అడుగు. చచ్చిపోయినోళ్ళకు దీపం పెట్టడానికి కాదు, ఆ మట్టిల పెట్టిన శరీరాన్నే దేవుడు లేపుతడని నమ్మి పోతం. క్రీస్తు లేవకపోతే మన విశ్వాసం వ్యర్థం అని 1 కొరింథీ 15ల పౌలే అన్నడు, అంత సూటిగ చెప్పు. ఇంట్ల తాతనో నాయనమ్మనో పోగొట్టుకున్న పిల్ల ఉంటే ముందే కనుక్కొని ఆ దినం జర మెల్లగ మాట్లాడు.

బతుకమ్మ ఆడొచ్చా, పక్కింటోళ్ళు ఇచ్చిన ప్రసాదం తినొచ్చా అని కూడా తప్పకుండ అడుగుతరు. అవును కాదు అని ఒక్కమాటల చెప్పకు. ఒక్క దేవునికే ఆరాధన, అది ప్రమాణంల మొదటి మాట, అండ్ల ఎనకాముందు లేదు. తిండి సంగతికి 1 కొరింథీ 8, రోమా 14 చదివించి ఇంట్ల అమ్మానాన్నతోని మాట్లాడుమను. ఇచ్చినోళ్ళ మొహం మీద విసిరికొట్టినట్టు మాత్రం చెయ్యొద్దని గట్టిగ చెప్పు, ఎదుటోళ్ళ దేవున్ని ఎక్కిరిచ్చుడు మన విశ్వాస ప్రమాణంల ఎక్కడా లేదు.

పరీక్ష పెట్టకు. ఆఖరి వారం ఒక్కొక్కళ్ళను కాగితం మీద "నేను ఏం నమ్ముతున్న" అని నాలుగు లైన్లు సొంత మాటల్ల రాయమను, గ్రాంథికం వద్దు, ఇంట్ల మాట్లాడినట్టు రాయమను. నాకు డౌటు ఉన్నది అని రాసినోన్ని తీసెయ్యకు, అయ్యగారితోని కూసోపెట్టు.

ఇంకోటి, బాప్తిస్మం సర్టిఫికెట్లు ఇప్పుడే తెప్పించమని చెప్పు. గుడి రిజిస్టర్ల ఒక పేరు, టెన్త్ మెమోల ఒక పేరు ఉంటది, బిషప్ అయ్యగారు వచ్చే ముందురోజు రాత్రి తల్లులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తరు. పేర్ల లిస్టు రాసినంక నాకు ఫోటో తీసి పంపు, స్పెల్లింగులు నేను చూస్త.

మీ పెద్దమ్మ