వానమేఘంలో గాలి గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

నీ వ్యాసం అందింది. విమానం మేఘం పక్కనుంచి వంకర లేకుండా ఎందుకు పోవాలో చెప్పిన పేరా బాగుంది. కానీ అంతకుముందే, రెండో పేరాలో, నాకు చిరాకు పుట్టించావు. "విమానంలోని అత్యాధునిక రాడార్ మేఘంలోని గాలి వేగాన్ని నేరుగా కొలుస్తుంది" అని రాశావు. నేరుగా కొలవదు. ఈ ఉత్తరం ఇంత పొడుగు కావడానికి కారణం ఆ ఒక్క వాక్యమే.

రాడార్‌కు గాలి కనపడదు. చినుకులు, మంచు రేణువులు, వడగళ్లు కనపడతాయి. అవి దగ్గరికొస్తున్నాయా, దూరమవుతున్నాయా, ఎంత వేగంతో అన్నంతవరకే డాప్లర్ పద్ధతి, అంటే తిరిగొచ్చిన తరంగంలో కనపడే మార్పు, చెబుతుంది. ఆ వేగంలో విమానం కదలిక ఉంది, చినుకు పడే వేగం ఉంది, గాలి ఉంది. మొదటి రెండూ తీసేశాక మిగిలేదే గాలి. ఈ విషయం మీద రాయడమంటే ఆ తీసివేతలు రాయడమే. అవి లేని వ్యాసంలో విశేషణాలు తప్ప ఏమీ మిగలవు.

ఒక లెక్క చూడు. కిందికి సూటిగా చూస్తున్న రాడార్, విమానం కదలిక తీసేశాక, 3 కిలోమీటర్ల ఎత్తులో చినుకులు సెకనుకు 4 మీటర్ల వేగంతో పడుతున్నాయంది. చినుకులు తిప్పిపంపే సంకేతం బలం, అంటే పరావర్తనం, 40 డీబీజెడ్. డీబీజెడ్ సంవర్గమాన కొలత, మామూలు అంకెలో చెబితే జెడ్ విలువ 10,000. దాన్ని 0.107 ఘాతానికి పెంచి 2.6తో గుణిస్తే చినుకులు నిలకడ గాలిలో పడే వేగం వస్తుంది: సుమారు 7 మీటర్లు. ఇది నేల దగ్గరి లెక్క. 3 కిలోమీటర్ల పైన గాలి పలచన కాబట్టి వేగం పెరుగుతుంది. నేల దగ్గరి గాలి సాంద్రతను అక్కడి సాంద్రతతో భాగించి, ఆ నిష్పత్తిని 0.4 ఘాతానికి పెంచి సవరిస్తే 7.8 అవుతుంది. అక్కడ పడాల్సిన వేగం 7.8, పడుతున్నది 4. అంటే గాలి సెకనుకు 3.8 మీటర్ల వేగంతో పైకి లేస్తోంది. రాడార్ తెరమీద కిందికని కనపడ్డచోట గాలి నిజానికి పైకి పోతోంది! పాఠకుడికి ఇవ్వాల్సిన ఆశ్చర్యం ఇది. నువ్వు దాన్ని "సంక్లిష్ట గణనల ద్వారా" అన్న మాట కింద పూడ్చేశావు.

ఈ సూత్రం వానకే. మంచు రేణువులు సుమారు 1 మీటరు వేగంతో పడతాయి కాబట్టి అక్కడ పొరపాటు చిన్నదే. వడగళ్లయితే 10 మీటర్లు దాటొచ్చు. మంచు కరిగే పొరలో ఏది ఎంత ఉందో తేల్చడం కష్టం. అక్కడి అంకెలను గట్టిగా నమ్మించేలా రాయకు. పరావర్తనం చినుకు అడ్డుకొలతకు ఆరో ఘాతంలో పెరుగుతుంది. 4 మిల్లీమీటర్ల చినుకు ఒక్కటి, 1 మిల్లీమీటరు చినుకులు 4,096 ఉన్నంతగా మెరుస్తుంది. రాడార్ ఇచ్చే వేగం చాలావరకు పెద్ద చినుకులదే.

ఇక విమానం. సెకనుకు 120 మీటర్ల వేగంతో పోతుంటే, కిందికి చూడాల్సిన బీమ్ (రాడార్ పంపే తరంగాల పుంజం) ఒక్క డిగ్రీ ముందుకు వాలినా 2.1 మీటర్ల దొంగ వేగం వచ్చి చేరుతుంది. ఇంధనం ఖర్చయ్యేకొద్దీ విమానం ముక్కు వంపు మారుతుంది. జడత్వ పరికరం ఆ వంపును పట్టుకుంటుంది గానీ, యాంటెన్నా బిగింపులో ఉన్న వంకర దానికి తెలియదు. దాన్ని పట్టించేది నేల. నేల కదలదు కాబట్టి నేలనుంచి తిరిగొచ్చిన వేగం సున్నా కావాలి. కాకపోతే ఆ తేడా నుంచి యాంటెన్నా కోణాన్ని సరిదిద్దుకుంటారు. నీ వ్యాసంలో నేల ప్రస్తావనే లేదు. కోణం సరిగ్గా తెలిసినా బీమ్ 3 డిగ్రీలు వాలి ఉంటే, ఆ వాలు దిశలో వీచే 20 మీటర్ల గాలి మరో మీటరు కలుపుతుంది.

వేగం మడత పడటం గురించి, అంటే హద్దు దాటిన వేగం ఎదురు దిశలో కనపడటం గురించి, ఒక్క ముక్కైనా రాయాలి. తరంగదైర్ఘ్యం 3.2 సెంటీమీటర్లు, సెకనుకు పంపే పల్సులు (తరంగాల తునకలు) 1,600 అయితే రాడార్ తేల్చగల గరిష్ఠ వేగం 12.8 మీటర్లు. చినుకులు 15 మీటర్ల వేగంతో పైకెగిరితే అది కిందికి 10.6గా నమోదవుతుంది. పల్సులు పెంచితే వేగం హద్దు పెరుగుతుంది, దూరం హద్దు తగ్గుతుంది. అందుకే సెకనుకు పంపే పల్సుల సంఖ్యను రెండు రకాలుగా మార్చి మార్చి వాడతారు.

ఇంతదాకా చెప్పింది కిందికి చూసే రాడార్ సంగతి. తోకలో రాడార్ ఉన్న పీ-3 పరిశోధన విమానాల పద్ధతి వేరు. నువ్వు రెంటినీ కలిపేశావు. అక్కడ బీమ్ ఒకసారి 20 డిగ్రీలు ముందుకు, ఒకసారి వెనక్కు వాలి పక్కనున్న మేఘాన్ని రెండు కోణాల్లో చూస్తుంది. 20 కిలోమీటర్ల దూరంలోని చోటును రెండోసారి చూసేసరికి 2 నిమిషాలవుతుంది. ఈలోపు మేఘం మారకూడదని అనుకుంటారు. ఆ రెండు చూపుల నుంచి ప్రధానంగా అడ్డగాలి వస్తుంది. నిలువు గాలిని ఎక్కడ గాలి చేరుతోంది, ఎక్కడ చీలుతోంది అన్న లెక్కనుంచి పొరపొరగా కూడి తీస్తారు. కింది నుంచి కూడుతూ పోతే నేల దగ్గర చేసిన తప్పు 12 కిలోమీటర్ల ఎత్తుకు నాలుగింతలవుతుంది, ఎందుకంటే అక్కడ సాంద్రత నాలుగో వంతే. పైనుంచి కిందికి కూడితే అదే తప్పు తగ్గుతూ వస్తుంది.

అంకెలు తీసేయమని నీకు ఎవరో చెప్పి ఉంటారు. నాకూ ఒక సంపాదకుడు చెప్పాడు. సూత్రాలన్నీ కొట్టేసి "ఆకాశ రహస్యాలు" అని శీర్షిక పెట్టి వేశాడు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. అంకెలకు పాఠకుడు భయపడడు. అంకె ఎక్కడినుంచి వచ్చిందో చెప్పకపోతే విసుగుపడతాడు.

చివరి పేరాలో, మేఘాలను పరిశీలించే ఎర్త్‌కేర్ ఉపగ్రహం విమానాల అవసరం లేకుండా చేసిందన్నావు. 2024 మే 28న ఎగిరిన దానిలో 94 గిగాహెర్ట్జ్ డాప్లర్ రాడార్ ఉన్నమాట నిజమే. కానీ ఆ పౌనఃపున్యంలో జోరువాన సంకేతాన్ని మింగేస్తుంది. పైగా బీమ్ ముందు సగంలోనే వాన దట్టంగా ఉంటే, ఆ చినుకులు ఎదురొస్తున్నట్టు కనిపించి, లేకపోయినా గాలి పైకి లేస్తున్నట్టు తోస్తుంది. వాన వెనక సగంలోకి వెళ్లాక, లేకపోయినా గాలి కిందికి దిగుతున్నట్టు తోస్తుంది. విమానానికీ ఈ బాధ ఉంది. సెకనుకు 7 కిలోమీటర్లకు పైగా పోయే ఉపగ్రహానికి మరీ ఎక్కువ. ఆ పేరా కొట్టెయ్.

పుస్తకంగా వేద్దామా అని అడిగావు. ముందు రెండో పేరా తిరగరాయి. నువ్వు పెట్టిన బొమ్మలో ఎరుపు పైకా కిందికా, అది చినుకుల వేగమా గాలి వేగమా అన్నది కూడా బొమ్మ కిందే రాసి పంపు.

ఆశీస్సులతో.