ఆన్ చేయగానే ఎక్స్ యాక్సిస్ దూసుకుపోతుంటే

అన్నా, పాత లేత్‌కి లినక్స్‌సీఎన్‌సీ (మెషిన్‌ని కంప్యూటర్‌తో నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టాక ఆన్ చేయగానే ఎక్స్, అంటే టూల్‌ని సెంటర్ వైపుకీ దూరానికీ జరిపే యాక్సిస్, ఒకవైపు దూసుకుపోయి, ఫాలోయింగ్ ఎర్రర్‌తో (ఉండాల్సిన చోటుకీ ఉన్న చోటుకీ తేడా హద్దు దాటిందని) ఆగుతోందన్నారు. కంగారుపడి కొత్త డ్రైవ్ (మోటార్‌ని నడిపే యూనిట్) కొనకండి. చాలాసార్లు ఇది ఎన్‌కోడర్ (ఎంత జరిగిందో లెక్కపెట్టే సెన్సార్) దిశ తిరగబడడమే. ప్లస్ మైనస్ 10 వోల్టుల కమాండ్‌తో నడిచే సర్వోల్లో పొజిషన్ లూప్‌ని, అంటే ఎన్‌కోడర్ లెక్క చూసి తేడాను సరిదిద్దే పనిని, నడిపేది కంప్యూటరే. ఆ లెక్క ఎదురు దిశలో వస్తే, తేడాను తగ్గించబోయి ఇంకా పెంచేస్తుంది.

డ్రైవ్ పవర్ తీసేసి బాల్‌స్క్రూని చేత్తో తిప్పండి. (స్లాంట్ బెడ్ (ఏటవాలు బెడ్) అయితే ముందు కింద చెక్క దిమ్మ పెట్టండి, స్లైడ్ జారిపోతుంది.) టూల్ సెంటర్ నుంచి దూరం జరిగేటప్పుడు స్క్రీన్ మీద ఎక్స్ పెరగాలి. తగ్గుతుంటే లినక్స్‌సీఎన్‌సీ సెట్టింగ్స్ ఉండే ఐఎన్ఐ ఫైల్‌లో ఎన్‌కోడర్ స్కేల్ గుర్తు (ప్లస్/మైనస్) మార్చండి. అది సరిగ్గానే ఉన్నా దూసుకుపోతే, అదే ఫైల్‌లో అవుట్‌పుట్ స్కేల్ (డ్రైవ్‌కి వెళ్లే కమాండ్‌ది) గుర్తు మార్చండి.

రెండూ అయ్యాక కూడా అదే గోలైతే, కంప్యూటర్ నుంచి డ్రైవ్‌కి వచ్చే కమాండ్ వైర్లు విప్పి, డ్రైవ్ వైపు ఆ ఇన్‌పుట్‌ని షార్ట్ చేసి (అంటే కమాండ్ సున్నా చేసి) డ్రైవ్‌ని ఎనేబుల్ చేయండి, చెయ్యి మాత్రం ఎమర్జెన్సీ స్టాప్ మీదే ఉంచండి. నెమ్మదిగా జరిగితే డ్రైవ్‌లో ఆఫ్‌సెట్ (సున్నా సర్దుబాటు) సర్దాలి, అంతే. అప్పుడూ పరుగెడితే కంప్యూటర్ తప్పేం లేదు, టాకో (మోటార్ వేగాన్ని డ్రైవ్‌కి చెప్పే సెన్సార్) వైర్లు తారుమారై ఉండొచ్చు. నేను ఒకసారి ఇది తెలియక రెండు రోజులు ట్యూనింగ్‌తో కుస్తీ పట్టాను. ఏం తేలిందో ఇక్కడ రాయండి.