న్యూట్రినోలకు ఆందోళనేమిటి?

సందేహం: న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాల గురించి "వాతావరణ న్యూట్రినోల కంపనాలు" అని ఒక వ్యాసంలో, "డోలనాలు" అని మరోదాంట్లో చదివాను. మా అబ్బాయి నిఘంటువు చూసి "ఆందోళనలు" అంటున్నాడు. ఏది సరి?

సమాధానం: మీవాణ్ణి చూసి నవ్వకండి. ఆందోళనం అంటే మొదట ఊగడమే. మనసు ఊగితే అది దిగులైంది, ఆ దిగులే జెండా పట్టుకుని రోడ్డెక్కితే ధర్నా అయింది. సంగీతం వాళ్లు మాత్రం స్వరాన్ని ఊపేటప్పుడు ఇప్పటికీ పాత అర్థంలోనే వాడతారు.

డోల కూడా ఆ ఇంటిదే. మన్యంలో రోడ్డు లేని ఊళ్ల నుంచి రోగుల్ని మోసుకొచ్చే డోలీ ఇదే. ఇక డోలాయమానం. "ప్రాజెక్టు డోలాయమానంలో పడింది" అని పేపర్లో చూసినప్పుడల్లా నాకు చిరాకు. అది విశేషణమండీ, పడటానికి గొయ్యి కాదు! డోలాయతే అంటే ఉయ్యాలలా ప్రవర్తిస్తోందని, అలా ప్రవర్తించేది డోలాయమానం. ఉయ్యాల కాదు, ఉయ్యాల'లా'. మీ సందేహానికి జవాబు ఆ 'లా'లోనే ఉంది.

జపాన్‌లోని కమియోకాలో వెయ్యి మీటర్ల రాతి కింద 50 వేల టన్నుల నీటితో సూపర్ కమియోకాండే అనే పెద్ద తొట్టి ఉంది. న్యూట్రినోల్లో మ్యూయాన్, ఎలక్ట్రాన్ వంటి జాతులున్నాయి. ఎప్పుడో ఒక న్యూట్రినో ఆ నీటిలో ఢీకొంటే వెలుగు వలయం పడుతుంది, మ్యూయాన్ జాతిదైతే అంచు తేటగా, ఎలక్ట్రాన్ జాతిదైతే చెదిరినట్టు. నెత్తి మీది గాలిలో పుట్టి సూటిగా దిగిన మ్యూయాన్ జాతివి లెక్క ప్రకారమే వచ్చాయి, భూగోళం అవతల పుట్టి దాదాపు 13 వేల కిలోమీటర్లు దాటి కింద నుంచి వచ్చినవి మాత్రం సగమే. దారిలో జాతి మారాయని 1998లో జపాన్ భౌతిక శాస్త్రవేత్త తకాకి కజిత బృందం తేల్చింది. 2015లో ఆయనకు నోబెల్ వచ్చింది. అక్కడ ఏదీ అటూ ఇటూ కదలలేదు, మ్యూయాన్ జాతిదిగా దొరికే అవకాశం దూరాన్ని బట్టి ఉయ్యాల'లా' తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, అంతే.

కాబట్టి కంపనం వద్దు, అది వణుకు. డోలనం చెల్లుతుంది. నాకైతే ఊగిసలాట ఇంకా నచ్చుతుంది గానీ పాఠ్యపుస్తకం వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. 'వాతావరణ' అంటే వానా ఎండా గుర్తొస్తాయి, అయినా అలవాటైపోయింది, ఉండనివ్వండి. ఈ జాతుల్ని ఇంగ్లీషులో ఫ్లేవర్లంటారని "న్యూట్రినోల రుచులు" అని రాసినవాళ్లూ ఉన్నారు, వాళ్లు ఏ న్యూట్రినోని నాకి చూశారో మరి.