రెండో సాక్షి లేని వీలునామా చెల్లుతుందా?

ప్రశ్న: మాది వరంగల్. మా వారు ఏనుమాముల మార్కెట్‌లో గుమస్తా. సొంత సంపాదనతో ఇక్కడ ఇల్లు కట్టారు, పరకాల దగ్గర ఎకరం పొలం కొన్నారు. నాకు ఆపరేషన్ అయినప్పుడు తానే వండిపెట్టి, పాపకు జడలు వేసి బడికి పంపిన మనిషి. మూడేళ్ల కింద గుండెపోటుతో పోయారు. ఆస్తంతా నాకూ పిల్లలిద్దరికీ అని నోట్‌బుక్ కాగితం మీద స్వయంగా రాశారు. కర్మలయ్యాక మా బావ అడిగితే 'అభ్యంతరం లేదు' అని తెల్లకాగితం మీద సంతకం పెట్టాను. పొలం పట్టా అత్తమ్మ పేరున మారి రెండున్నరేళ్లయింది. ఇప్పుడు ఇంట్లోనూ ఆమెకు వాటా ఉందంటున్నారు. రెండో సాక్షిగా మా తమ్ముడితో సంతకం పెట్టిస్తే చాలని ఒకరు చెప్పారు. మా ఆయన చివరి కోరిక నిలబడదా?
– ఒక సోదరి, వరంగల్

జవాబు: అమ్మా, మీరు పంపిన నకలు చూశాను. కాగితం అడుగున మీ వారే 'సాక్షులు' అని రాసి 1, 2 అంకెలు వేశారు. ఒకటి పక్కన ఆయన స్నేహితుడి సంతకం ఉంది. రెండు పక్కన ఏమీ లేదు. మీ కేసు అక్కడే తేలిపోతుంది.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. కానీ భారత వారసత్వ చట్టం, 1925లోని సెక్షన్ 63 ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రాసినాయన తమ ఎదుట సంతకం చేయడం వాళ్లు చూసి ఉండాలి, లేదా ఆ సంతకం తనదేనని ఆయన వాళ్లతో చెప్పి ఉండాలి. చేతిరాత ఆయనదేనని రుజువైనా ఈ లోటు పూడదు. ఆయన ఎంత మంచి భర్తో, ఎంత మంచి తండ్రో కోర్టు అడగదు.

మీ తమ్ముడి సంతకం మాట మళ్లీ ఎత్తకండి. చనిపోయిన మనిషి కాగితం మీద పాత తేదీతో సంతకం పెట్టించడం ఫోర్జరీ. వీలునామా విషయంలో భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 338 కింద పదేళ్ల దాకా జైలు, యావజ్జీవం కూడా పడవచ్చు. బోనులో మీ తమ్ముణ్ణి మొదట అడిగేది ఆ రోజు నువ్వెక్కడున్నావనే. అక్కడ తడబడితే మీ వారు నిజంగా రాసిన కాగితం కాస్తా మీ చేతులతోనే దొంగ కాగితం అవుతుంది.

వీలునామా లేనట్టే కాబట్టి హిందూ వారసత్వ చట్టం, 1956 వర్తిస్తుంది. సెక్షన్ 8 ప్రకారం మీరు, కొడుకు, కూతురు, అత్తమ్మ నలుగురికీ సమాన వాటాలు. ఇంట్లో ఆమెకు నాలుగో వంతు ఉన్న మాట నిజమే. అలాగే పొలంలో మీ ముగ్గురికీ కలిపి మూడు వంతులున్నాయి. మీ బావకు నేరుగా ఏమీ రాదు. కానీ అత్తమ్మ ఏ ఏర్పాటూ చేయకుండా పోతే ఆమె వాటాలో ఆయనా హక్కుదారు అవుతారు.

ఇక ఆ తెల్లకాగితం. ఏం రాసుందో, ఎందుకు అడుగుతున్నారో చూడకుండా సంతకం పెట్టడం చాలా పెద్ద పొరపాటు. దుఃఖంలో ఉన్నారని సరిపెట్టుకోలేను, ఎందుకంటే అది మీ ఒక్కరి ఆస్తి కాదు, మైనర్ పిల్లలది కూడా. అదృష్టం కొద్దీ, రిజిస్టర్ కాని కాగితంతో స్థిరాస్తిలో మీ హక్కు పోదు. కోర్టు అనుమతి లేకుండా పిల్లల వాటాను వదులుకునే అధికారం తల్లిగా మీకూ లేదు. పట్టా మారినంత మాత్రాన భూమి అత్తమ్మ ఒక్కరిదే కాదు.

కానీ గడువు చూసుకోండి. పంపకాల దావాకు సమయం ఎక్కువే ఉంటుంది. పొలంలో మీ హక్కు ప్రకటించాలని, పట్టా మార్పు మిమ్మల్ని కట్టడి చేయదని కోరాలంటే మాత్రం మూడేళ్లలోపే దావా వేయాలి. మీకు మిగిలింది ఆరు నెలలు. మాటలు నడుస్తున్నాయని ఆ గడువు ఆగదు.

ముందు పట్టా మార్పు ఉత్తర్వు నకలు తీసుకోండి. మీసేవలో కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు పెట్టండి. ఇల్లు, పొలం కొన్న దస్తావేజులు, మరణ ధ్రువపత్రం జత చేసుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. లోక్ అదాలత్‌లో అత్తమ్మతో రాజీకి ప్రయత్నించండి. ఆ నోట్‌బుక్ కాగితం పనికొచ్చేది ఇక్కడే. కోర్టు ఒప్పుకోని కొడుకు రాతను తల్లి ఒప్పుకోవచ్చు. ఆమె మనస్ఫూర్తిగా వాటా వదులుకుంటానంటే రిజిస్టర్డ్ హక్కు విడుదల దస్తావేజు రాయించుకోండి, అందులో ఆమె పోషణ సంగతీ రాయించండి. నెల రోజుల్లో ఒప్పందం కుదరకపోతే ఇక ఆగకుండా దావా వేయండి.