జపాన్ ఈ233 లోకల్ రైలులో అంత ప్రత్యేకత ఏముంది?

"జపాన్‌లో ఉన్నవాళ్ళు ఈ233 అనే లోకల్ రైలు గురించి తెగ చెప్తుంటారు. అదీ మన ఎమ్‌ఎమ్‌టీఎస్ లాంటి కరెంటు రైలేగా, అందులో అంత ఏముంది?" అని అడిగారు. నా ఇల్లు టోక్యో పడమటి శివారు కొకుబుంజిలో, ఆఫీసు ఊళ్ళో షింజుకులో. నాలుగేళ్ళు ఆ రెంటినీ కలిపే చువో లైన్‌లో రోజూ ఆ రైలే ఎక్కాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

చూడ్డానికి ఏమీ లేదండి. స్టీలు పెట్టె, దాని నడుముకి నారింజ రంగు పట్టీ. పెట్టె పొడవు 20 మీటర్లు, ఒక్కో పక్క నాలుగు తలుపులు, లోపల గోడ వారగా పొడుగాటి సీట్లు. మొదటిరోజు నాకూ "ఇంతేనా" అనిపించింది.

అసలు సంగతి తెలియాలంటే పొద్దున ఎనిమిదింటికి ప్లాట్‌ఫారం మీద నిలబడాలి. ఇంచుమించు రెండు నిమిషాలకో రైలు. అవన్నీ వెళ్ళి టోక్యో స్టేషన్లో రెండంటే రెండే లైన్ల మీద ఆగి, జనాన్ని దింపి, ఎక్కించుకుని వెనక్కి తిరగాలి. వచ్చిన డ్రైవర్ దిగేసరికే అవతలి కొసన ఇంకో డ్రైవర్ సిద్ధంగా ఉంటాడు. ఇందులో ఒక్క రైలు మొరాయించిందా, వెనకవన్నీ వరసగా ఆగిపోతాయి. ఈ233 డిజైన్ అంతా ఈ ఒక్క టెన్షన్ చుట్టూనే తిరిగిందని నా నమ్మకం.

దీనికి ముందు కథ ఒకటుంది. 1993లో వచ్చిన 209 రకం రైళ్ళని "బరువు సగం, ఖర్చు సగం, ఆయుష్షు సగం" అన్న లెక్కతో కట్టారు. ఎక్కువకాలం సాగదీయకుండా మార్చేద్దాం అన్న ఆలోచన. 2006 డిసెంబర్‌లో చువో లైన్‌లో పాత నారింజ రంగు 201 రైళ్ళ స్థానంలో ఈ233 దిగేసరికి ఆలోచన మారింది. ముఖ్యమైన పరికరాలన్నీ జంటగా పెట్టారు. బ్రేకులకి గాలి అందించే కంప్రెసర్ ఒకటి ఆగితే ఇంకోటి ఉంటుంది. రైలుని నడిపే కంట్రోల్ వ్యవస్థా అంతే. పది పెట్టెల రైల్లో ఆరింటికి మోటార్లు, మొత్తం 24, ఒక్కోటి 140 కిలోవాట్లు. కొన్ని పనిచేయకపోయినా మిగతావి లాక్కుపోతాయి. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా పక్కన కొవ్వొత్తి పెట్టుకునే మా అమ్మ గుర్తొస్తుంది నాకు.

ఈమధ్య ఇందులోకి డబుల్ డెక్కర్ గ్రీన్ కార్లు (మన ఫస్ట్ క్లాసు లాంటి పెట్టెలు) రెండు చేర్చి 12 పెట్టెలు చేశారు. 2025 మార్చి నుంచి వాటికి విడిగా టికెట్ కొనాలి, అంతకుముందు కొన్నాళ్ళు ఊరికే ఎక్కనిచ్చారు. (ఆ నెలల్లో నేను ఆఫీసుకి ఎంత హుషారుగా వెళ్ళానో చెప్పలేను.) వేరే లైన్లలో గ్రీన్ కారు తలుపు ఒంటి రెక్కదే, సన్నంగా ఉంటుంది. చువోలో మాత్రం రెండు రెక్కల వెడల్పు తలుపు పెట్టారు. టోక్యోలో జనం గబగబా దిగకపోతే వెనక రైలు ఆగాలి కదా, మళ్ళీ అదే టెన్షన్!

ఇక కూర్చునేవాళ్ళ సంగతి. ఏడుగురు పట్టే సీటు మధ్యలో రెండు కడ్డీలు నిలబెట్టి ఇద్దరు, ముగ్గురు, ఇద్దరుగా విడగొట్టారు. ఆ కడ్డీలు లేకపోతే ఆరుగురే విశాలంగా సర్దుకుంటారు. "కొంచెం జరగండి" అని అడిగే అలవాటు అక్కడ తక్కువ, అందుకని ఆ పని కడ్డీకి అప్పజెప్పారు. ఒక్కో మనిషికి 46 సెంటీమీటర్లు. రైలు లోపలి నేల, అంతకుముందు వచ్చిన ఈ231 కన్నా మూడున్నర సెంటీమీటర్లు కిందికి ఉంటుంది, ప్లాట్‌ఫారం నుంచి అడుగు పెద్దగా ఎత్తక్కర్లేదు. ఒకటో నంబర్ పెట్టె పొద్దునపూట ఆడవాళ్ళకి. అందులో పట్టుకునే పిడులు కాస్త కిందికి వేలాడతాయి. ఇది నేను కనిపెట్టలేదు, ఐదడుగులైనా లేని మా ఆవిడ చెప్పింది. చలికాలం సీటు కింద హీటర్ ఉంటుంది, పిక్కలు వెచ్చగా కాలుతుంటే నిద్ర రాకుండా ఆపడం కష్టం. నేను రెండుసార్లు దిగాల్సిన స్టేషన్ దాటి పోయాను.

తలుపుల పక్కన చిన్న బటన్లు కూడా ఉంటాయి. ఊరి మధ్యలో వాటి అవసరం పడదు, తలుపులన్నీ వాటంతటవే తెరుచుకుంటాయి. పడమటి కొండల వైపు పోయేకొద్దీ చలి లోపలికి రాకుండా, దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళే నొక్కి తెరుచుకోవాలి. నాకీ సంగతి తెలియదు. జనవరిలో ఒకరోజు, ఆ కొండల వైపు పోయే ఓమే లైన్‌లో ఒక చిన్న స్టేషన్లో మూసిన తలుపు ముందు నిలబడి, తెరుచుకుంటుందని చూస్తున్నాను. లోపలున్న పెద్దావిడ జాలిపడి నొక్కింది. ఎక్కి, హమ్మయ్య అని కూర్చున్నాను. తలుపు అలాగే తెరిచుంది, చల్లగాలి రివ్వున కొడుతోంది, అందరూ ఫోన్లలోంచి తలెత్తి నన్ను చూస్తున్నారు. ఎక్కినవాడే మూయాలట! చివరికి ఎదురుగా కూర్చున్న పెద్దాయన లేచొచ్చి, మూసే బటన్ నొక్కి, నావైపు చూడను కూడా చూడకుండా వెళ్ళి కూర్చున్నాడు. నేను దిగాల్సింది ఇంకా నాలుగు స్టేషన్ల తర్వాత. అయినా లేచి వెళ్ళి ఆ బటన్ పక్కనే నిలబడ్డాను, ప్రతి స్టేషన్లోనూ ఎవరెక్కినా నేనే మూశాను.