టెక్ సందేహాలు: హైబ్రిడ్ కారుకి ఆయిల్ మనమే మార్చుకోవచ్చా?

ప్రశ్న: సర్, మా హైబ్రిడ్ కారుకి ఆయిల్ మార్చే టైం దగ్గరపడింది. పాత పెట్రోల్ కారుకి నేనే మార్చుకునేవాణ్ణి. దీని జోలికి మాత్రం వెళ్లొద్దు, హై వోల్టేజ్ బ్యాటరీ ఉంటుంది, షాక్ కొడుతుంది, సర్వీస్ సెంటర్‌కే ఇవ్వు అని అందరూ భయపెడుతున్నారు. ఒక్క ఆయిల్ కోసం అంత బిల్లు కట్టడం అవసరమా?

జవాబు: మీరే మార్చుకోవచ్చు. ముందు ఆ షాక్ సంగతి తేల్చేద్దాం. హై వోల్టేజ్ కేబుళ్లకి నారింజ రంగు తొడుగు ఉంటుంది, కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మూడో తరం టయోటా ప్రియస్‌లో మోటార్‌కి అందే వోల్టేజ్ 650 దాకా వెళ్తుంది కాబట్టి ఆ కేబుళ్లంటే భయం ఉండాల్సిందే. కానీ ఆయిల్ మార్చడానికి వాటిని ముట్టుకునే పనే లేదు. కింద పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు, ఫిల్టరు, పైన ఆయిల్ పోసే మూత, ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల (డిప్‌స్టిక్), ఇంతే కదా, మీ పాత కారులో ఉన్నవే.

తేడా ఎక్కడొస్తుందంటే, పాత కారులో ఇంజిన్ చప్పుడు ఆగితే బండి ఆగిపోయినట్టే, హైబ్రిడ్‌లో ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారూ ఉంటుంది కాబట్టి అలా కాదు. డ్యాష్‌బోర్డు మీద రెడీ లైటు వెలుగుతోందంటే ఇంజిన్ ఎంత నిశ్శబ్దంగా ఉన్నా కారు ఆన్‌లో ఉందన్నమాట. బ్యాటరీ చార్జింగ్ కాస్త తగ్గినా, హీటర్‌కి వేడి కావాల్సి వచ్చినా కంప్యూటర్ ఎవరినీ అడక్కుండా ఇంజిన్ స్టార్ట్ చేసేస్తుంది. ఆయిలంతా ట్రేలోకి దిగిపోయి, మీరు కింద పడుకుని ఫిల్టర్ విప్పుతున్నప్పుడు అది స్టార్ట్ అయితే ఇంజిన్‌కీ మంచిది కాదు, మీకూ మంచిది కాదు. అందుకని పవర్ బటన్ నొక్కి ఆపేశాక రెడీ లైటు ఆరిందో లేదో కళ్లారా చూసుకోండి. స్మార్ట్ కీని జేబులో పెట్టుకుని కారు కిందికి దూరొద్దు, ఇంట్లో దూరంగా పెట్టేయండి. కీ దగ్గర్లో ఉండగా పిల్లలెవరైనా సరదాకి బ్రేకు తొక్కి బటన్ నొక్కారంటే కారు మళ్లీ ఆన్ అయ్యే వీలుంది.

ఆయిల్ వేడెక్కితే బాగా దిగుతుందని పాత కార్లలో కాసేపు ఇంజిన్ ఆన్‌లో ఉంచుతాం. ఇక్కడ ఆ పప్పులు ఉడకవు, మీరు ఆన్‌లో ఉంచుదామన్నా ఇంజిన్ తనంతట తనే ఆగిపోతుంది. మెయింటెనెన్స్ మోడ్ అని ఒకటుంది, పెడల్‌ని ఒక వరసలో తొక్కితే ఇంజిన్ ఆగకుండా నడుస్తుంది, కానీ ఇంత చిన్న పనికి అదంతా ఎందుకు? అలా ఓ రౌండు తిరిగొచ్చి, చెయ్యి కాలనంత చల్లారాక మొదలుపెట్టండి. జాకీ ఒక్కటే నమ్ముకుని కారు కిందికి వెళ్లొద్దని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, స్టాండ్లు పెట్టాల్సిందే.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం కాస్త జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే హైబ్రిడ్ కార్లకి సొంతంగా ఆయిల్ మార్చేవాళ్లు బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే. కింద ప్లాస్టిక్ కవర్ తీశాక మీకు ఒకటి కాదు, రెండు డ్రెయిన్ బోల్టులు కనిపించవచ్చు. ఒకటి ఇంజిన్‌ది. రెండోది పక్కనే ఉండే ట్రాన్సాక్సిల్‌ది, అంటే మోటార్లూ గేర్లూ కలిసి ఉండే పెట్టెది. తెలియక ఆ రెండోది విప్పేసి, కారిందంతా ఇంజిన్ ఆయిలే అనుకుని, పైనుంచి కొత్త ఆయిల్ నాలుగు లీటర్లు పోసేశారనుకోండి, ఇంజిన్‌లో ఆయిల్ రెట్టింపు అవుతుంది, ట్రాన్సాక్సిల్ ఖాళీగా ఉండిపోతుంది. అక్కడ ఆయిల్ ఎక్కువై క్రాంక్ షాఫ్టు దాన్ని చిలికి నురగ చేస్తుంది, ఇక్కడ ఖరీదైన మోటార్లూ గేర్లూ పొడిగా తిరుగుతాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ ముదురు గోధుమ రంగులోనో నల్లగానో ఉంటుంది. ట్రాన్సాక్సిల్‌లో ఉండేది పల్చటి ఫ్లూయిడ్, టయోటా వాడేదైతే ఎర్రగా ఉంటుంది. బోల్టు విప్పగానే ఎర్రటిది కారడం మొదలైతే అప్పటికప్పుడే బోల్టు బిగించేసి, పోయినంతా మళ్లీ అదే రకం ఫ్లూయిడ్‌తో నింపేదాకా కారు కదపకండి. కొత్త ఆయిల్ పోసేముందు ట్రేలో ఎంత దిగిందో కూడా కొలుచుకోండి. మూడో తరం ప్రియస్ 1.8 లీటర్ల ఇంజిన్‌కి ఫిల్టర్‌తో కలిపి 4.2 లీటర్లు పడుతుంది. మీ కారుకి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది, దిగింది అందులో సగమే ఉంటే ఎక్కడో ఏదో తేడా జరిగిందని అర్థం.

ఆయిల్ గ్రేడ్ దగ్గర సొంత తెలివి ప్రదర్శించొద్దు. చాలా హైబ్రిడ్‌లకి బాగా పల్చటి గ్రేడ్లైన 0డబ్ల్యూ-20 లేదా 0డబ్ల్యూ-16 వాడమంటారు, కొన్నిటికైతే 0డబ్ల్యూ-8 కూడా ఉంది. చూస్తే నీళ్లలా ఉంటుంది, అందుకే చిక్కటిది పోస్తే ఇంజిన్‌కి బలం అని సలహా ఇచ్చేవాళ్లు తగులుతుంటారు. ఒక ప్రయాణంలోనే ఈ ఇంజిన్ పదే పదే ఆగి మళ్లీ స్టార్ట్ అవుతుంది, చాలాసార్లు సరిగా వేడెక్కకుండానే. అలా స్టార్ట్ అయిన ప్రతిసారీ ఆయిల్ క్షణాల్లో పైదాకా చేరాలి, అందుకే పల్చటిది. బోల్టుకి కొత్త వాషర్, ఫిల్టర్ మూతకి కొత్త ఓ-రింగ్ (రబ్బరు రింగు) వేసి, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్‌తో బిగించండి. అదే ప్రియస్‌లో డ్రెయిన్ బోల్టుకి 37 న్యూటన్ మీటర్లు, ఫిల్టర్ మూతకి 25 మాత్రమే. పానా చేతికొచ్చింది కదా అని ఉన్న బలమంతా వాడితే మరలు పోతాయి. పాత ఆయిల్‌ని కాలువలో పారబోయకుండా డబ్బాలో పోసి, వాడేసిన ఆయిల్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి.

ఇక డబ్బు లెక్క. హైబ్రిడ్‌కి ఆయిల్ మార్చేది మామూలుగా ఏడాదికోసారి. దానికోసం స్టాండ్లు, టార్క్ రెంచ్, ఫిల్టర్ మూత విప్పే ప్రత్యేకమైన క్యాప్, ట్రే అన్నీ కొత్తగా కొంటే మొదటిసారి మిగిలేది ఏమీ ఉండదు. మీ దగ్గర సామాను ముందే ఉంది కాబట్టి మీకు లాభమే. అయితే సర్వీస్ వాళ్లని మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఆ బిల్లులో ఆయిల్ కాకుండా ఇంకేం చేస్తారు? బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్ ఫిల్టర్ తీసి శుభ్రం చేస్తారా (చాలా కార్లలో వెనక సీటు దగ్గర ఉంటుంది, దుమ్ముతో మూసుకుపోతే బ్యాటరీ వేడెక్కుతుంది)? ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటుని మోటార్‌కి తగ్గట్టు మార్చే పెట్టె) చల్లబరిచే కూలెంట్ చూస్తారా? మోటారే వేగం తగ్గించేస్తుంది కాబట్టి హైబ్రిడ్‌లో బ్రేక్ ప్యాడ్లు త్వరగా అరగవు, కానీ వాడకం తక్కువై కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పిన్నులు బిగుసుకుపోతుంటాయి, వాటిని విప్పి గ్రీజు పెడతారా? ఇవన్నీ నిజంగా చేస్తామంటే నిస్సంకోచంగా కట్టండి. ఆయిల్, ఫిల్టర్, వాటర్ వాష్ మాత్రమే అంటే ఆ పని మీ చేతుల్లోనే శుభ్రంగా అవుతుంది. కొన్ని కంపెనీలు తమ దగ్గర ఏటా చెక్ చేయిస్తేనే హైబ్రిడ్ బ్యాటరీ వారంటీని పొడిగిస్తాయి. మీది అలాంటిదైతే మాత్రం బేరాలు లేవు, సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. బ్యాటరీ ముందు ఆయిల్ ఖర్చు ఒక లెక్కా?

ప్రశ్న: మా కారు సగం దూరం బ్యాటరీ మీదే నడుస్తుంది. ఆ లెక్కన ఆయిల్ రెట్టింపు కిలోమీటర్లు వాడుకోవచ్చు కదా?

జవాబు: వినడానికి సబబుగానే ఉంది, కానీ కుదరదు. చిన్న చిన్న ప్రయాణాల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే ఆయిల్‌లో చేరిన తేమ, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరైపోవు. ఆయిల్ పోసే మూత తిప్పి చూడండి, లోపలివైపు మీగడలా తెల్లగా పేరుకుంటే అది తేమ పనే. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగితే పెట్రోలు కలుస్తోందని అనుమానించాలి. అందుకే కిలోమీటర్లు పూర్తవకపోయినా మాన్యువల్‌లో నెలల గడువు ఒకటి పెడతారు, రెండిట్లో ఏది ముందొస్తే అది. ప్లగిన్ (బయట కరెంటుతో చార్జింగ్ పెట్టుకునే హైబ్రిడ్) కార్లయినా అంతే. షెవర్లే వోల్ట్ కారు ఇంజిన్‌ని ఆరు వారాల పాటు వాడకపోతే కారే దాన్ని కాసేపు నడిపించుకుంటుంది, ఇంజిన్ ఎంత తక్కువ తిరిగినా రెండేళ్లకోసారైనా ఆయిల్ మార్చమంటుంది.

ప్రశ్న: కారు యాప్‌లో ఆయిల్ లైఫ్ 40 శాతం అని చూపిస్తోంది. నేనే ఆయిల్ మార్చుకుంటే ఆ అంకె దానంతటదే 100 అవుతుందా?

జవాబు: అవ్వదు. చాలా కార్లలో ఆయిల్ నాణ్యతని కొలిచే సెన్సరే ఉండదు. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడిలో తిరిగింది, ఎన్ని రోజులైంది లాంటివి కలిపి సాఫ్ట్‌వేర్ వేసే అంచనా అది. కొన్ని కార్లలోనైతే ఉత్త కిలోమీటర్ల లెక్కే. అందుకే కొత్త ఆయిల్ పోసినా దానికి తెలియదు, మీరే రీసెట్ చేయాలి. కొత్త కార్లలో సెట్టింగ్స్‌లో మెయింటెనెన్స్ కింద ఉంటుంది, పాత టయోటాల్లో ట్రిప్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే సరిపోతుంది. ఆయిల్ మార్చకుండా ఉత్తినే రీసెట్ చేసినా 100 చూపిస్తుంది కాబట్టి, సర్వీస్ నుంచి కారు తెచ్చుకున్నప్పుడు కూడా ఆ అంకె చూసి మురిసిపోకుండా డిప్‌స్టిక్ ఒకసారి తీసి, తెల్ల గుడ్డకి తుడిచి చూడండి.